గిల్టు నగ మీద గుడీ సముద్రమూ

‘గిల్టు నగ’ అనే మాటను మనం చిన్నచూపుతోనే వాడతాం. నిజానికి ఇంగ్లీషులో గిల్ట్ అంటే బంగారు పూత వేసినది అని, అంతే. పూత అని చెప్పి అమ్మినంతకాలం అందులో మోసమేమీ లేదు. ఆ పూత వెనక రెండువేల ఏళ్ళ పనితనం ఉంది. ఆ నగల మీద కనిపించే అలలకూ తోరణాలకూ అంతకన్నా పాత కథలున్నాయి.

రోమన్ల కాలపు కట్టడ విద్య మీద మనకు పూర్తిగా దక్కిన ఒకే ఒక్క గ్రంథం విట్రూవియస్‌ది. క్రీస్తుపూర్వం 1వ శతాబ్దంవాడు. స్తంభం ఇంత లావుంటే ఎంత ఎత్తుండాలో లెక్కలు కట్టిన ఆ పది భాగాల పుస్తకంలోనే బంగారు పూత సంగతీ ఉంది. పాదరసం లేనిదే వెండికీ రాగికీ పూత సరిగ్గా పట్టదంటాడు. ఆ వెంటనే మరో ముచ్చట చెబుతాడు. బంగారు తీగ నేసిన బట్ట పాతబడితే మట్టికుండలో పెట్టి కాల్చాలట. బూడిదను నీళ్ళలో వేసి పాదరసం కలిపితే బంగారమంతా దాన్ని పట్టుకుంటుంది. గుడ్డలో వేసి పిండితే పాదరసం కారిపోయి బంగారం మిగులుతుంది. మన వీధుల్లో పాత జరీచీరలు కొంటామంటూ తిరిగేవాళ్ళ కేక వింటే నాకు ఈ రోమన్ పెద్దాయనే గుర్తొస్తాడు.

పాదరసం పూత మాత్రం ప్రాణాల మీదికి తెచ్చే పని. బంగారాన్ని పాదరసంతో ముద్దచేసి, వస్తువు మీద రుద్ది, నిప్పు మీద కాచేవారు. పాదరసం ఆవిరై బంగారం అంటుకునేది. ఆ ఆవిరి పీల్చిన పనివాళ్ళకు చేతులు వణికేవి, మతి చెదిరేది. పాత గోపురాల మీది మెరుపును మెచ్చుకునేటప్పుడు వాళ్ళనూ తలుచుకోవాలి.

ఒకదాని వెనక ఒకటి సుడి తిరుగుతూ పరిగెత్తే అలల అంచును గాజుల మీదా, ఉంగరాల మీదా చూసే ఉంటారు. గ్రీకు, రోమన్ కట్టడాల అంచుపట్టీల నుంచి వచ్చిన ఆ అలల వరసకు విట్రూవియస్ పేరే పెట్టారు. చదరపు మెలికలతో సాగే ఇంకో గ్రీకు అంచు ఉంది, దానిపేరు మియాండర్. అది ఒక నది పేరు. నేటి టర్కీ పడమటి భాగంలో వంకరలు తిరిగీ తిరిగీ ఏజియన్ సముద్రంలో కలిసే నది అది.

సముద్రపు బొమ్మలు బంగారం మీదికెక్కడం ఇంకా పాత సంగతి. గ్రీసులోని మైసీనే సమాధుల్ని 1876లో తవ్వినప్పుడు ఆడవాళ్ళ సమాధి ఒకదానిలో ఏడు వందల దాకా పలుచని బంగారు రేకు బిళ్ళలు దొరికాయి. కొన్నిటి మీద సీతాకోకచిలుకలు, కొన్నిటి మీద ఆక్టోపస్‌లు.

ఇక మన మకరం. ఏనుగు తొండం, మొసలి దవడ, చేప ఒళ్ళు కలిసిన ఈ జలచరం వరుణుడికీ గంగకూ వాహనం. సముద్రానికి మకరాలయం అనే పేరుంది. గుడి గుమ్మం మీదికెక్కితే మకరతోరణం, విష్ణువు చెవికెక్కితే మకరకుండలం. అభిషేకజలం బయటికొచ్చే ప్రణాళానికీ చాలాచోట్ల మకరం నోరే పెడతారు. అమరావతి స్తూపపు శిల్పాల్లో మకరాలున్నాయి, హళేబీడు గుడి గోడ చుట్టూ వాటి వరసే ఒకటి ఉంది. రాతిలో చెక్కినా రేకులో కొట్టినా రూపం అదే. కట్టడం, సముద్రం, నగ ఈ మూడూ ఇంత హాయిగా ఒక్కచోట కూడిన బొమ్మ నాకు ఇంకెక్కడా కనబడలేదు.

నాట్యకారులు పెట్టుకునే ‘టెంపుల్ జ్యువెలరీ’కి పేరుపొందిన ఊరు తమిళనాడులో నాగర్‌కోయిల్‌ను అంటిపెట్టుకుని ఉన్న వడసేరి. కన్యాకుమారి సముద్రం అక్కడికి దగ్గరే. పాత పద్ధతిలో వెండి మీద బంగారు రేకు తొడిగి, ఎర్రని కెంపురాళ్ళు పొదుగుతారు. ఆ పనికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది.

సముద్రం నగకు బొమ్మలే కాదు, సరుకూ ఇస్తుంది. మన పుస్తెలతాడులో గుచ్చే ఎర్రపగడం చాలావరకు మధ్యధరా సముద్రపుది. రోమన్లకు ముత్యమెంతో భారతీయులకు పగడమంత అని క్రీస్తుశకం 1వ శతాబ్దపు రోమన్ రచయిత ప్లినీ రాశాడు. ఆయన 79లో వెసూవియస్ అగ్నిపర్వతం పేలినప్పుడు చనిపోయాడు. ఆ కొండ పాదాన ఉన్న టోరే డెల్ గ్రేకో పట్టణంలో ఇప్పటికీ పగడాలు చెక్కుతున్నారు.

తిరిగి పూత సంగతికొస్తే, పాదరసం పీడ విరగడ చేసింది కరెంటు. ఇటలీ శాస్త్రవేత్త బ్రున్యాతెల్లీ 1805లో ఓల్టా బ్యాటరీతో రెండు వెండి పతకాలకు బంగారు పూత వేశాడు. 1840లో బర్మింగ్‌హామ్‌లో ఎల్కింగ్టన్ కుటుంబంవాళ్ళు ఈ పద్ధతికి పేటెంటు తీసుకున్నాక అది వ్యాపారమైంది. పూత వేసే తొట్టిలో వాడిన సయనైడు కూడా విషమే కాబట్టి, ఈ పని ఇంట్లో చేసి చూసేది కాదు.

మన దగ్గర ఈ పనికి పుట్టిల్లు లాంటిది బందరు పక్కనున్న చిలకలపూడి. ‘చిలకలపూడి బంగారం’ అంటే తెలుగువాళ్ళకు వివరించనక్కర్లేదు. దానికి ఇంకో పేరైన రోల్డ్ గోల్డ్‌కు అసలు అర్థం ఇత్తడి లాంటి లోహానికి బంగారు రేకును వేడితో, ఒత్తిడితో అతికించి రోలర్ల మధ్య సాగదీసినది అని. ఇవాళ ఆ పేరుతో దొరికేవాటిలో ఎక్కువ కరెంటు పూతవే. చిలకలపూడి సముద్రతీరపు ఊరు. నగలు పెట్టుకుని ఆడే కూచిపూడి నాట్యానికి పేరిచ్చిన ఊరు కూడా అదే కృష్ణా జిల్లాలో ఉంది.

పూత ఎంత మందమో కొలిచేది మైక్రాన్లలో. మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాను. అమెరికా నిబంధనల ప్రకారం వెండి మీద కనీసం 2.5 మైక్రాన్ల బంగారం ఉంటేనే ఆ నగను ‘వెర్మే’ అని అమ్మాలి. ఇంతకన్నా పలుచగా ఉన్నదాన్ని రోజూ వాడితే ముందు అంచుల దగ్గర అరుగుతుంది.

సముద్రంలోనే బంగారం ఉంది కదా అని 1920లలో జర్మన్ శాస్త్రవేత్త ఫ్రిట్జ్ హేబర్ ఆశపడ్డాడు. ఉప్పునీటిలోంచి తీసి తన దేశపు యుద్ధ పరిహారం తీర్చాలనుకున్నాడు. ఓడల్లో నీళ్ళు తెప్పించి పరీక్షిస్తే, ఉన్నది అనుకున్నదానిలో వెయ్యో వంతు. ఆ పని వదిలేశాడు.

ఆ ఉప్పునీరు బంగారాన్ని ఏమీ చేయలేదు. కానీ పలుచని పూతలో కంటికి కనబడని రంధ్రాలుంటాయి. వాటిగుండా దిగి కింది రాగిని తింటుంది, పచ్చని చిలుము పైకి వస్తుంది. చెమటా అదే పని చేస్తుంది. నగ పెట్టుకున్నచోట దురద పుడితే, పూత కింద వేసిన నికెల్ కారణం కావచ్చు. కొనేటప్పుడే అడగండి: కింద ఏ లోహం, పూత ఎన్ని మైక్రాన్లు, నికెల్ ఉందా? సెంటు కొట్టుకున్నాకే నగ పెట్టుకోండి, తీశాక మెత్తని గుడ్డతో తుడిచి దాచుకోండి. కార్తీక స్నానానికి మంగినపూడి తీరానికి వెళ్తే, నీళ్ళలో దిగకముందే మెడలోని పూత గొలుసు తీసి గుడ్డలో ముడివేసి ఒడ్డున ఉన్నవాళ్ళ చేతికివ్వండి.