స్థానిక యంత్రంలో ఒకలా, సర్వరులో మరొకలా: తెలుగు వెబ్ అనువర్తనాల దోషనిర్ధారణ

వ్యాస సంగ్రహం

రూపకర్త సొంత కంప్యూటరులో సక్రమంగా నడిచిన వెబ్ అనువర్తనం సర్వరుకు చేరిన తరువాత వేరుగా ప్రవర్తించడం తరచుగా ఎదురయ్యే సమస్య. ప్రోగ్రాము ఒకటే అయినా దానికి ఆధారమైన పరిసరం మారడమే ఇందుకు మూలకారణం. తెలుగు పాఠాన్ని భద్రపరచే అనువర్తనాలలో ఈ పరిసరభేదం ఏయే రూపాలలో బయటపడుతుందో, వాటిలో ఏవి పాఠాన్ని శాశ్వతంగా నష్టపరుస్తాయో, ఏవి కేవలం ప్రదర్శనను చెడగొడతాయో వివరించి, ఒక క్రమబద్ధమైన దోషనిర్ధారణ పద్ధతిని సూచించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలక పదాలు: వెబ్ అనువర్తనం, పరిసరభేదం, యూనికోడ్, సంకేతీకరణ, దత్తాంశనిధి, ఖతి, దోషనిర్ధారణ.

1. ఉపోద్ఘాతం

తెలుగు పత్రికల పాత సంచికలు, నిఘంటువులు, పరిశోధన వ్యాసాలు, సంస్థల సభ్యుల పట్టికలు నేడు వెబ్ అనువర్తనాల ద్వారా పాఠకులకు అందుతున్నాయి. వీటిని సాధారణంగా ఒక వ్యక్తిగత కంప్యూటరులో రూపొందించి, పరీక్షించి, ఆపై అద్దెకు తీసుకున్న సర్వరుకు తరలిస్తారు. ఈ తరలింపు తరువాతనే అక్షరాలు ప్రశ్నార్థకాలుగా మారడం, కొన్ని దస్త్రాలు తెరుచుకోకపోవడం, తేదీ ఒకరోజు వెనుకబడడం వంటి దోషాలు కనిపిస్తాయి. అవి కనిపించగానే ప్రోగ్రామును మార్చడం మొదలుపెట్టడం సహజమైన తొందరపాటు. కారణం తెలియకుండా చేసిన మార్పు వలన అప్పటివరకు భద్రంగా ఉన్న పాఠం కూడా చెడిపోయే ప్రమాదం ఉంది. కనుక సవరణకు ముందు నిర్ధారణ అవసరం.

2. పరిసరభేదం: స్వరూపం

ఏ ప్రోగ్రామూ ఒంటరిగా నడవదు. నిర్వహణ వ్యవస్థ, ప్రోగ్రామింగ్ భాష కూర్పు, దాని అనుబంధాలు, దత్తాంశనిధి అమరికలు, ఖతులు, కాలమండలం, దస్త్రాల అనుమతులు, ఇవన్నీ దానికి ఆధారాలు. స్థానిక యంత్రం వీటిలో చాలావాటిని అడగకుండానే సమకూరుస్తుంది. అందువల్ల అవి ఉన్నాయన్న సంగతే రూపకర్త దృష్టికి రాదు. సర్వరులో వాటిలో ఏదో ఒకటి లేకపోయినప్పుడు, లేదా వేరుగా ఉన్నప్పుడు మాత్రమే దాని ఉనికి తెలుస్తుంది.

ఈ సమస్యను గుర్తించి రూపొందించిన నియమాలున్నాయి. 2011 ప్రాంతంలో హెరోకు సంస్థ అనుభవం ఆధారంగా ఆడమ్ విగ్గిన్స్ వెలువరించిన 'ట్వెల్వ్ ఫ్యాక్టర్ యాప్' సూత్రాలలో పదవది అభివృద్ధి, వినియోగ పరిసరాలు వీలైనంత సమానంగా ఉండాలని చెబుతుంది. 2013లో వెలుగులోకి వచ్చిన డాకర్, ప్రోగ్రామును దాని ఆధారాలతో కలిపి ఒకే మూటగా తరలించే వీలు కల్పించింది. అయితే చిన్న సంస్థలు వాడే ఉమ్మడి సర్వర్లలో ఈ సౌకర్యం చాలాసార్లు ఉండదు. డాకర్ వాడినప్పటికీ మూటలో చేర్చని ఖతి, పేర్కొనని కాలమండలం అక్కడా లోపాలుగానే మిగులుతాయి.

3. తొలి ప్రశ్న: చెడినది పాఠమా, ప్రదర్శనా?

తెలుగు పాఠం తెరపై తప్పుగా కనిపించినప్పుడు అన్నిటికంటే ముందు తేల్చవలసిన విషయం ఇదే. కనిపించే రూపాన్ని బట్టి దోషాన్ని నాలుగు విధాలుగా గుర్తించవచ్చు.

మొదటిది, అక్షరాల స్థానంలో ఖాళీ డబ్బాలు. పాఠం క్షేమంగా ఉందని, దానిని చూపగల ఖతి లేదని ఇది సాధారణంగా సూచిస్తుంది. రెండవది, తలపై ఏటవాలు గీత ఉన్న లాటిన్ 'ఎ', దాని వెంట డిగ్రీ గుర్తు లేదా ప్లస్-మైనస్ గుర్తు పదేపదే రావడం. తెలుగు బైట్లను మరొక సంకేతీకరణలో చదువుతున్నారని దీని అర్థం. ఈ స్థితిలో పాఠాన్ని చాలావరకు తిరిగి పొందవచ్చు. మూడవది, నల్లని వజ్రాకారంలో ప్రశ్నార్థకం. బైట్ల వరుస మధ్యలో తెగిపోయిందనో, సరికాని బైట్లు చేరాయనో ఇది తెలుపుతుంది. నాలుగవది, వరుసగా సాధారణ ప్రశ్నార్థకాలు. దత్తాంశనిధిలోనే ఇవి ఉన్నట్లయితే మూలపాఠం అక్కడ లేనట్లే. ప్రతి అక్షరం బదులు ఒకే గుర్తు నిలిచినప్పుడు ఏది ఏ అక్షరమో చెప్పగల ఆధారం మిగలదు. అప్పుడు శరణ్యం పాత నకలు మాత్రమే.

4. సంకేతీకరణ దోషాలు

4.1 బైట్ల సాక్ష్యం

యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు సంకేతానికీ మూడు బైట్లు పడతాయి. షోడశాంశ లిపిలో చూస్తే మొదటి బైటు ఎల్లప్పుడూ ఈ0, రెండవది బీ0 లేదా బీ1. మైఎస్‌క్యూఎల్‌లోని 'హెక్స్' ప్రమేయంతో ఒక గడిలోని విలువను పరిశీలిస్తే నిజస్థితి తెలుస్తుంది. ఈ0బీ0, ఈ0బీ1 జంటలు కనిపిస్తే పాఠం సరిగా ఉంది. సీ3ఏ0సీ2బీ0 వంటి వరుస కనిపిస్తే అది రెండుసార్లు సంకేతీకరణకు లోనైంది. 3ఎఫ్ మాత్రమే వరుసగా కనిపిస్తే మిగిలినవి ప్రశ్నార్థకాలే. తెర మీద కనిపించేదానిని బ్రౌజరు, ఖతి, దత్తాంశ అనుసంధానం ప్రభావితం చేయగలవు. భద్రపరచిన బైట్లు అలా మారవు. కాబట్టి బైట్లే నమ్మదగిన సాక్ష్యం.

4.2 దత్తాంశనిధి స్వతఃసిద్ధ అమరికలు

మైఎస్‌క్యూఎల్ 5.7 వరకు స్వతఃసిద్ధ సంకేతీకరణ లాటిన్1. 2018లో విడుదలైన 8.0 కూర్పులో అది యూటీఎఫ్8ఎంబీ4గా మారింది. పట్టికను సృష్టించేటప్పుడు సంకేతీకరణను పేర్కొనకపోతే, అదే ఆదేశం స్థానిక యంత్రంలోని 8.0లో తెలుగును స్వీకరించే పట్టికనూ, సర్వరులోని 5.7లో తెలుగుకు చోటులేని పట్టికనూ తయారుచేస్తుంది. అక్కడ కఠిన నియమావళి అమలులో ఉంటే చేర్పు తిరస్కరణకు గురవుతుంది. లేకపోతే ప్రశ్నార్థకాలు నిశ్శబ్దంగా నమోదవుతాయి. రెండింటిలో తిరస్కరణే మేలు, ఎందుకంటే అది దోషాన్ని ఆ క్షణంలోనే బయటపెడుతుంది.

పట్టికా, అనుసంధానమూ రెండూ లాటిన్1గా ఉన్నప్పుడు పరిస్థితి మరింత జటిలం. తెలుగు బైట్లు మారకుండా లోపలికి వెళ్లి, మారకుండా బయటికి వస్తాయి. అనువర్తనంలో అంతా సవ్యంగానే కనిపిస్తుంది. కొంతకాలానికి ఎవరో అనుసంధానాన్ని మాత్రమే యూటీఎఫ్8ఎంబీ4గా సరిదిద్దితే పాత పాఠమంతా వికృతంగా కనిపిస్తుంది. నిజానికి చెడిపోయినది ఏదీ లేదు. పాత గడులను ముందు బైనరీ రకానికి, ఆపై యూటీఎఫ్8ఎంబీ4కు మార్చడమే సరైన చికిత్స. ఈ మార్పుకు ముందే కొత్త పాఠం చేరి ఉంటే రెండు స్థితుల పాఠం ఒకే పట్టికలో కలిసిపోతుంది. అప్పుడు వరుసలను వేరుచేసి సరిదిద్దవలసి వస్తుంది.

మైఎస్‌క్యూఎల్‌లో 'యూటీఎఫ్8' అన్న పాత పేరు మూడు బైట్ల వరకే వర్తిస్తుంది. తెలుగుకు అది చాలును కనుక లోపం చాలాకాలం బయటపడదు. నాలుగు బైట్ల ఎమోజీ ఉన్న వ్యాఖ్య వచ్చినప్పుడు మాత్రం కఠిన నియమావళి దానిని తిరస్కరిస్తుంది. ఆ నియమావళి లేని సర్వరు ఎమోజీ నుంచి మిగిలిన భాగాన్ని కత్తిరించి భద్రపరచవచ్చు.

4.3 కొమ్ము, పొల్లు: ఒక హెచ్చరిక

వికృతంగా కనిపించే పాఠాన్ని ఏదో ఒక టెక్స్ట్ ఎడిటరులోనో, స్ప్రెడ్‌షీట్‌లోనో తెరిచి సరిచేయాలనే ప్రయత్నం ప్రమాదకరం. విండోస్-1252 సంకేతీకరణలో 81, 8డీ, 8ఎఫ్, 90, 9డీ అనే అయిదు స్థానాలకు అక్షరాలు లేవు. తెలుగు కొమ్ము చివరి బైటు 81, పొల్లు చివరి బైటు 8డీ. తెలుగులో అత్యంత విస్తారంగా వచ్చే గుర్తులలో ఇవి రెండూ ఉన్నాయి. ఖాళీ స్థానాలను వదిలివేసే సాధనం ద్వారా పాఠం వెళితే ఉకారాంత పదాలూ, సంయుక్తాక్షరాలూ తిరిగిరాని విధంగా దెబ్బతింటాయి. మైఎస్‌క్యూఎల్ లాటిన్1 ఈ స్థానాలను కూడా కాపాడుతుంది. కాబట్టి పునరుద్ధరణను దత్తాంశనిధి లోపలే, నకలు తీసుకున్న తరువాత చేయడం శ్రేయస్కరం.

4.4 బైట్లు, సంకేతాలు, అక్షరాలు

'తెలుగు' అనే పదంలో పాఠకునికి కనిపించేవి మూడు అక్షరాలు. యూనికోడ్ సంకేతాలు ఆరు, యూటీఎఫ్-8 బైట్లు పద్దెనిమిది. పీహెచ్‌పీ భాషలోని సాధారణ పదఖండన ప్రమేయం బైట్లనే లెక్కిస్తుంది. సంకేతాలను లెక్కించే 'ఎంబీస్ట్రింగ్' అనుబంధం అన్ని సర్వర్లలోనూ ఉండదు. అది లేనిచోట అనువర్తనం ఆగిపోవచ్చు, లేదా ప్రోగ్రాములో ప్రత్యామ్నాయంగా రాసిన బైట్ల లెక్కకు మారవచ్చు. ఈ పదాన్ని పది బైట్ల వద్ద తెంచితే మూడు సంకేతాలు పూర్తిగానూ, నాలుగవదానిలో ఒక్క బైటూ మిగులుతాయి. అటువంటి పాఠాన్ని జేసన్ రూపంలోకి మార్చడం సాధారణంగా విఫలమై, పేజీ ఖాళీగా వస్తుంది. దోషం జేసన్‌లో కనిపించినా దాని మూలం పదఖండనలో ఉంటుంది.

5. దస్త్రనామాలు: ఐత్వం చిక్కు

విండోస్, మ్యాక్ వ్యవస్థలు స్వతఃసిద్ధంగా దస్త్రనామాలలో రోమన్ పెద్ద, చిన్న అక్షరాల భేదాన్ని పాటించవు. సర్వర్లలో విరివిగా వాడే లినక్స్ పాటిస్తుంది. స్థానికంగా కనిపించిన బొమ్మ సర్వరులో కనిపించకపోవడానికి ఇది సుపరిచితమైన కారణం. తెలుగు లిపిలో ఆ భేదం లేకపోయినా మరొక చిక్కు ఉంది.

ఐత్వాన్ని యూనికోడ్ రెండు రీతులుగా అనుమతిస్తుంది: ఒకే సంకేతంగా, లేదా ఎత్వమూ దాని కింది గుర్తూ కలిసిన రెండు సంకేతాలుగా. ఈ రెండూ సమానమని ప్రమాణం చెబుతుంది. 2017 వరకు మ్యాక్ కంప్యూటర్లలో ప్రధానంగా ఉన్న ఎచ్ఎఫ్ఎస్ ప్లస్ దస్త్రవ్యవస్థ పేర్లను విడదీసిన రూపంలో భద్రపరచేది. దాని తరువాత వచ్చిన ఏపీఎఫ్ఎస్ ఇచ్చిన రూపాన్ని అలాగే ఉంచి, పోల్చేటప్పుడు రెండింటినీ ఒకటిగా పరిగణిస్తుంది. లినక్స్ మాత్రం పేరును కేవలం బైట్ల వరుసగా చూస్తుంది.

ఒక మాసపత్రిక సంచికలను తెలుగు నెలల పేర్లతో పాత మ్యాక్ డిస్కులో భద్రపరచి, లినక్స్ సర్వరుకు తరలించారని అనుకుందాం. పేజీలోని లంకెలలో ఐత్వం కలిసిన రూపంలో ఉంటుంది. అప్పుడు చైత్రం, వైశాఖం సంచికలు మాత్రం 'దొరకలేదు' అని వస్తాయి. జ్యేష్ఠం నుంచి ఫాల్గుణం వరకు మిగిలిన పదీ తెరుచుకుంటాయి. కంటికి పేర్లలో ఏ తేడా కనబడదు. ఇలా కొన్ని దస్త్రాలే విఫలమైనప్పుడు, విఫలమైనవాటికి ఉమ్మడిగా ఉన్న లక్షణమేదో వెతకడం దోషనిర్ధారణలో కీలకం. దస్త్రం పేరును స్వీకరించేటప్పుడే యూనికోడ్ 'ఎన్ఎఫ్‌సీ' రూపంలోకి మార్చడం దీనికి పరిష్కారం.

6. ఖతులు, అక్షరకూర్పు

వెబ్ పేజీని చదువరి బ్రౌజరు చిత్రిస్తుంది. అనువర్తనమే సర్వరులో పీడీఎఫ్ పత్రాన్నో, ప్రశంసాపత్రపు బొమ్మనో తయారుచేసినప్పుడు మాత్రం సర్వరులోని ఖతులు అవసరం. విండోస్‌లో నిర్మల వంటివి ముందే ఉంటాయి. కనీస సామగ్రితో ఏర్పాటైన లినక్స్ సర్వరులో తెలుగు ఖతి ఉండకపోవడం సాధారణం. నోటో సాన్స్ తెలుగు, మండలి వంటి స్వేచ్ఛా ఖతిని అనువర్తనంతోపాటే చేర్చడం మంచిది.

ఖతి ఉన్నంతమాత్రాన సరిపోదు. వత్తులను, గుణింతాలను సరైన స్థానంలో అమర్చే కూర్పు యంత్రాంగం కావాలి. పైథాన్‌లోని పిల్లో గ్రంథాలయం ఈ పనికి రాక్మ్ అనే భాగాన్ని వాడుతుంది. 8.2 కూర్పు నుంచి అది పిల్లోతోపాటే వస్తున్నా, దానికి అవసరమైన ఫ్రీబిడి వ్యవస్థలో విడిగా ఉండాలి. అది లేని సర్వరులో పిల్లో ఎటువంటి దోషసూచనా ఇవ్వకుండానే సాధారణ కూర్పుకు మారుతుంది. వత్తు కిందికి చేరక, పొల్లుతో విడివిడిగా నిలుస్తుంది.

7. కాలమానం

సర్వర్లు ఎక్కువగా సార్వత్రిక కాలాన్ని అనుసరిస్తాయి. భారత ప్రామాణిక కాలం దానికి అయిదున్నర గంటలు ముందు. అందువల్ల అర్ధరాత్రి నుంచి ఉదయం 5:30 వరకు సర్వరు లెక్కలో నిన్నటి తేదీయే నడుస్తుంది. నిత్య పంచాంగం చూపే అనువర్తనం సరిగ్గా తెల్లవారుజామున తప్పు తేదీ చూపి, పగటిపూట పరీక్షించినప్పుడు సవ్యంగా ఉంటుంది.

బ్రౌజరులోనూ ఇటువంటిదే జరుగుతుంది. సమయం లేకుండా సంవత్సరం, నెల, రోజు క్రమంలో రాసిన తేదీని జావాస్క్రిప్ట్ సార్వత్రిక కాలపు అర్ధరాత్రిగా గ్రహిస్తుంది. 2024 ఏప్రిల్ 9 నాటి ఉగాది హైదరాబాదులో 9వ తేదీగానే కనిపించి, డాలస్‌లోని చదువరికి 8వ తేదీగా కనిపించేది ఇందుకే. పండుగ తేదీని క్షణంగా గాక కేవలం తేదీగా నిర్వహించాలి.

8. సర్వరు అమరికలు

ముఖపుట తెరుచుకుని, లోపలి పుటలన్నీ 'దొరకలేదు' అని వస్తే దారిమళ్లింపు నియమాలను అనుమానించాలి. అపాచీలో సంచయ స్థాయి అమరిక దస్త్రాన్ని చదవడానికి ప్రత్యేక అనుమతి కావాలి. ఎన్‌జిన్‌ఎక్స్ దానిని అసలే చదవదు. అలాగే తెలుగులో మాట్లాడి టైపు చేసే సౌకర్యం స్థానికంగా పనిచేసి, సర్వరులో మూగబోవచ్చు. సురక్షిత అనుసంధానం ఉన్న పేజీలకే బ్రౌజర్లు మైకును అనుమతిస్తాయి. స్థానిక చిరునామాను మాత్రం అవి మినహాయింపుగా సురక్షితంగా పరిగణిస్తాయి.

9. దోషనిర్ధారణ క్రమం

పై పరిశీలన ఆధారంగా కింది క్రమాన్ని పాటించవచ్చు.

అ) దత్తాంశనిధికి, దస్త్రాలకు నకలు తీయాలి. కారణం తేలేవరకు కొత్త చేర్పులను నిలిపివేయడం మంచిది.

ఆ) దోషాన్ని కచ్చితంగా వర్ణించాలి: ఏ పాఠం, ఏ సమయం, ఏ దస్త్రం, ఎవరికి. సరిగా పనిచేస్తున్న వాటినీ నమోదు చేయాలి.

ఇ) సర్వరు దోషపట్టికను చదవాలి. తెరపై వచ్చే సందేశం చాలాసార్లు అసంపూర్ణం.

ఈ) ఒకే చిన్న పాఠాన్ని బ్రౌజరు, ప్రోగ్రాము, దత్తాంశనిధి అనే మజిలీలలో బైట్ల రూపంలో పరిశీలించి, ఎక్కడ మారిందో గుర్తించాలి. కొమ్ము, పొల్లు, ఐత్వం, ఒక ఎమోజీ ఉన్న పాఠం ఇందుకు అనుకూలం.

ఉ) రెండు పరిసరాల కూర్పులు, అనుబంధాలు, సంకేతీకరణ, కాలమండలం, ఖతులను పక్కపక్కన పట్టికగా రాయాలి.

ఊ) ఒకసారి ఒక్క అంశాన్నే మార్చి ఫలితాన్ని చూడాలి. ఫలితం లేని మార్పును వెనక్కి తీసుకోవాలి.

10. ముగింపు

స్థానిక యంత్రానికీ సర్వరుకూ మధ్య కనిపించే వైరుధ్యం చాలావరకు ప్రోగ్రాములో రాయకుండా వదిలిన అంశాల నుంచి పుడుతుంది. సంకేతీకరణ, కాలమండలం, ఖతి, దస్త్రనామ రూపం వంటివాటిని స్పష్టంగా పేర్కొన్న అనువర్తనం ఎక్కడికి తరలించినా ఒకేలా నడిచే అవకాశం ఎక్కువ. దోషం ఎదురైనప్పుడు ప్రదర్శన దోషానికి వ్యవధి తీసుకోవచ్చు. పాఠదోషానికి ఆ వెసులుబాటు లేదు, ఎందుకంటే అది కొనసాగుతున్న ప్రతి గంటా కొత్తగా చేరిన పాఠం నష్టపోతుంది. మరొక ప్రతి లేని రచనలను, పేర్లను, జ్ఞాపకాలను భద్రపరచే తెలుగు అనువర్తనాలు సర్వరుకు చేరిన తొలిరోజే పైన చెప్పిన పరీక్షా పాఠంతో బైట్ల స్థాయిలో తనిఖీ చేసుకోవడం అవసరం.