వర్చువల్ డేటా సెంటర్‌కు కొత్త సర్వర్ క్లస్టర్: వ్యవసాయ పరిశోధకుల దృష్టికోణం

1970లో ప్రారంభమైన దీర్ఘకాలిక ఎరువుల ప్రయోగాల అఖిల భారత సమన్వయ పథకంలో జగిత్యాల వంటి కేంద్రాలు ఒకే మడిలో ఏళ్ల తరబడి ఒకే ఎరువుల మోతాదులను కొనసాగిస్తూ నేల, దిగుబడి వివరాలను నమోదు చేస్తున్నాయి. ఇటువంటి దత్తాంశంలో ఒక సంవత్సరం పోతే దానిని తిరిగి సంపాదించే మార్గం లేదు. గడిచిన ఖరీఫ్‌ను మళ్లీ విత్తలేము. ఒకప్పుడు క్షేత్ర రికార్డు పుస్తకాలలో భద్రపడిన అంకెలు క్రమంగా సర్వర్లపైకి చేరుతున్నాయి. కనుక డేటా సెంటర్‌కు కొత్త సర్వర్ క్లస్టర్‌ను జోడించే పని కేవలం కంప్యూటర్ విభాగానిదని పరిశోధకుడు ఊరుకోవడం తగదు.

వర్చువలైజేషన్ కొత్త భావన కాదు. ఒకే యంత్రాన్ని అనేక యంత్రాలుగా వాడుకొనే వీఎం/370 వ్యవస్థను ఐబీఎం 1972లోనే ప్రకటించింది. నేటి హైపర్‌వైజర్లు చేసే పని కూడా అదే. భౌతిక సర్వర్ల సమూహం ఉమ్మడి నిల్వను పంచుకొన్నపుడు అది క్లస్టర్ అవుతుంది. ఒక సర్వర్ ఆగిపోతే దానిపై నడిచే వర్చువల్ యంత్రాలు మిగిలిన వాటిపై తిరిగి ప్రారంభమవుతాయి.

అయితే ఆ మిగిలిన వాటిలో ఖాళీ ఉండాలి. ఉదాహరణకు, ఒక్కొక్కటి 512 జీబీ మెమరీ గల నాలుగు సర్వర్ల క్లస్టర్‌లో మొత్తం 2,048 జీబీ కనిపిస్తుంది. ఒకటి ఆగినపుడు మిగిలేది 1,536 జీబీ మాత్రమే. కేటాయింపులు ఈ రెండవ అంకెను మించరాదు. కొనుగోలు ప్రతిపాదనలలో మొదటి అంకెను చూపి, రెండవ దానిని మరచే ధోరణి ప్రమాదకరం.

కొత్త సర్వర్లను పాత క్లస్టర్‌లోనే కలపడమా, వేరు క్లస్టర్‌గా నిలపడమా అన్నది తరువాతి నిర్ణయం. వేర్వేరు తరాల ప్రాసెసర్లను కలిపినపుడు, నడుస్తున్న యంత్రాన్ని ఒకదాని నుండి మరొకదానికి మార్చడానికి వీలుగా కొత్త ప్రాసెసర్లు తమ అదనపు ఆదేశాలను దాచి, పాతవాటి స్థాయిలోనే పనిచేయవలసి వస్తుంది. జన్యు దత్తాంశ విశ్లేషణకోసం కొన్న వేగం అక్కడే వృథా అవుతుంది. ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్ల మధ్యనైతే యంత్రాన్ని ఆపకుండా మార్చడం కుదరదు. గణన భారం ఎక్కువగా ఉన్న పరిశోధన సంస్థకు వేరు క్లస్టరే మేలు. పోర్టల్, ఈమెయిల్ వంటి తేలికపాటి సేవలు పాతదానిపై నడిస్తే నష్టమేమీ లేదు.

ఇక పరిశోధకుడు స్వయంగా పాల్గొనవలసిన ఘట్టం వేరొకటి ఉంది. కొత్త భూమిలో ప్రయోగం వేసే ముందు సస్య శాస్త్రజ్ఞుడు ఏకరూపతా పరీక్ష జరుపుతాడు. అంతటా ఒకే రకం, ఒకే యాజమాన్యంతో పంట వేసి నేలలోని సహజ తేడాలను కొలుస్తాడు. కొత్త క్లస్టర్‌కు కూడా అదే అవసరం. డీఎస్‌ఎస్‌ఏటీ వంటి పంట నమూనాను అదే వాతావరణం, అదే నేల, అదే జన్యు గుణకాలతో రెండు క్లస్టర్లపైనా నడిపి ఫలితాలను పక్కపక్కన ఉంచి చూడాలి. ప్రోగ్రామును కొత్త ప్రాసెసర్‌కు అనుగుణంగా తిరిగి కంపైల్ చేసినపుడు దశాంశాల చివర స్వల్ప తేడాలు రావచ్చు. సాధారణంగా అవి లెక్కలోకి రావు. కాని ఉష్ణ మొత్తం ఒక అవధిని దాటితేనే పైరు తదుపరి దశకు చేరేలా నమూనా ఉంటుంది కనుక, ఆ అవధి దగ్గర చిన్న తేడా పూత తేదీని ఒక రోజు జరపవచ్చు. ఒక విద్యార్థి సిద్ధాంత గ్రంథంలో సగం పాత క్లస్టర్‌పై, సగం కొత్తదానిపై నడిచిన గణనలు ఉంటే ఆ తేడాను చికిత్సల ప్రభావంగా భ్రమపడే అవకాశం ఉంది. ఒక ప్రయోగపు గణనలన్నీ ఒకే క్లస్టర్‌పై పూర్తిచేయడం ఉత్తమం.

గడియారం విషయం ఇంకా సున్నితమైనది. భారత వాతావరణ శాఖ లెక్కలో వర్షపు దినం ఉదయం 8.30 గంటలతో ముగుస్తుంది. కొత్త సర్వర్లను సార్వత్రిక సమయానికి అమర్చి, దత్తాంశ ప్రోగ్రామును భారత కాలమానానికి వదిలితే 5.30 గంటల తేడా వస్తుంది. తెల్లవారుజామున 4 గంటలకు నమోదైన వాన ముందు రోజు రాత్రి 10.30కి చేరిపోతుంది. నీటి సమతుల్య లెక్కలో ఈ పొరపాటును ఆ తరువాత పట్టుకోవడం కష్టం.

మార్పిడికి ఎంచుకొనే రోజు కూడా ముఖ్యమే. గ్రామీణ కృషి మౌసమ్ సేవ కింద వ్యవసాయ వాతావరణ సలహాలు మంగళ, శుక్రవారాలలో వెలువడతాయి. ఆ రోజులలో సలహాల సర్వర్‌ను తాకరాదు. విత్తే అదను నడుస్తున్న జూన్, జూలై మాసాలలో అసలే వద్దు. వేసవిలో చేయదలిస్తే శీతలీకరణను ముందు సరిచూడాలి. సర్వర్ వాడిన విద్యుత్తంతా వేడిగానే బయటికి వస్తుంది. ఒక్కొక్కటి 800 వాట్లు వాడే నాలుగు సర్వర్ల వేడిని తొలగించడానికి దాదాపు ఒక టన్ను శీతలీకరణ సామర్థ్యం కావాలి.

లైసెన్సుల ఖర్చు వేరు. 2023 నవంబరులో వీఎంవేర్‌ను బ్రాడ్‌కామ్ కొన్న తరువాత శాశ్వత లైసెన్సుల అమ్మకం ఆగి, చందా పద్ధతి వచ్చింది. ఏటా నిధులు వస్తాయన్న భరోసా లేని పథకాలు కేవీఎం వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను పరిశీలించడం వివేకం.

రెండవ క్లస్టర్ వచ్చింది కనుక ప్రతులు భద్రమనుకోవడం మాత్రం పొరపాటు. ఒకే గదిలోని రెండు క్లస్టర్లకు అగ్ని ప్రమాదం ఒకటే. న్యూఢిల్లీలోని భారతీయ వ్యవసాయ గణాంక పరిశోధన సంస్థలో గల ప్రధాన డేటా సెంటర్‌కు రక్షణగా 2020 ఆగస్టు 11న కృషి మేఘ్‌ను హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని జాతీయ వ్యవసాయ పరిశోధన నిర్వహణ అకాడమీలో ప్రారంభించడానికి కారణాలలో ఇదొకటి: అప్పటి పటం ప్రకారం ఢిల్లీ 4వ భూకంప మండలంలో, హైదరాబాద్ 2వ మండలంలో ఉన్నాయి. విశ్వవిద్యాలయ స్థాయిలో ప్రధాన క్యాంపస్ ప్రతిని దూరపు ప్రాంతీయ పరిశోధన స్థానంలో ఉంచవచ్చు. ఆ ప్రతి నుండి ఒక ప్రయోగపు దత్తాంశాన్ని పూర్తిగా వెలికితీసి, మూల రికార్డు పుస్తకంతో సరిపోల్చిన తరువాతనే పాత నిల్వలోని దత్తాంశాన్ని తొలగించాలి.