ఏడు రోజుల తెరచాప విహారానికి ఆరు రోజుల ప్రణాళిక

2016 డిసెంబరు మొదటి వారంలో అండమాన్‌లోని హేవ్‌లాక్, నీల్ దీవులకు విహారానికి వెళ్లిన వెయ్యి మందికి పైగా పర్యాటకులు అక్కడే చిక్కుకుపోయారు. బంగాళాఖాతంలో ఏర్పడిన వాయుగుండం వల్ల సముద్రం అల్లకల్లోలమై పడవల రాకపోకలు నిలిచిపోయాయి. చివరకు నౌకాదళం ఓడలు వెళ్లి వారిని పోర్ట్ బ్లెయిర్‌కు చేర్చాయి. ఆ వాయుగుండమే ‘వర్దా’ తుపానుగా మారి డిసెంబరు 12న చెన్నై సమీపంలో తీరం దాటింది.

రోజూ ఫెర్రీలు తిరిగే దారిలోనే పరిస్థితి ఇలా ఉంటే, గాలిని నమ్ముకుని సాగే తెరచాప పడవ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. హేవ్‌లాక్ ఇప్పుడు స్వరాజ్ ద్వీప్, నీల్ ఇప్పుడు షహీద్ ద్వీప్, పోర్ట్ బ్లెయిర్ ఇప్పుడు శ్రీ విజయపురం. పేర్లు మారినా గాలులు, ఆటుపోట్లు మారలేదు. వారం రోజుల విహారానికి ప్రణాళిక వేసేవారు ముందుగా తెలుసుకోవాల్సింది వాటి గురించే.

ఏ నెలలో వెళ్లాలి?

నైరుతి రుతుపవనాలు మే మూడో వారం ప్రాంతంలోనే అండమాన్‌ను తాకుతాయి. అక్కడి నుంచి నెలల తరబడి వానలు, పెద్ద అలలు తప్పవు. బంగాళాఖాతంలో తుపానులు ఎక్కువగా ఏప్రిల్-మే నెలల్లోనూ, అక్టోబరు నుంచి డిసెంబరు వరకూ ఏర్పడతాయి. ఇవన్నీ తీసేస్తే మిగిలేది జనవరి నుంచి మార్చి వరకు ఉన్న కాలం. అప్పుడు వానలు తక్కువ, గాలి ప్రధానంగా ఈశాన్యం నుంచి వీస్తుంది.

ఎదురుగాలి లెక్క

చిక్కు కూడా అక్కడే ఉంది. శ్రీ విజయపురం నుంచి స్వరాజ్ ద్వీప్ ఉన్నది సరిగ్గా ఈశాన్య దిశలోనే. దూరం సుమారు 50 కిలోమీటర్లు, అంటే 27 నాటికల్ మైళ్లు. తెరచాప పడవ గంటకు 5 నాటికల్ మైళ్ల వేగంతో వెళ్తుందనుకుంటే ఐదున్నర గంటల్లో చేరాలి. కానీ ఏ తెరచాప పడవా గాలికి సూటిగా ఎదురు వెళ్లలేదు. గాలి దిశకు దాదాపు 45 డిగ్రీల కోణంలో ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు మళ్లుతూ ముందుకు సాగాలి. అలా వెళ్తే దూరం 1.4 రెట్లు పెరుగుతుంది. 27 మైళ్లు 38 అవుతాయి, ప్రయాణం ఏడున్నర గంటలు దాటుతుంది.

దీనికి గడియారం మరో మెలిక పెడుతుంది. భారత ప్రామాణిక కాలానికి ఆధారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం. శ్రీ విజయపురం దానికి సుమారు 10 డిగ్రీలు తూర్పున ఉంది. ఒక్కో డిగ్రీకి 4 నిమిషాల చొప్పున అక్కడ సూర్యుడు 40 నిమిషాలు ముందుంటాడు. అందుకే జనవరి మొదట్లో సాయంత్రం 5 దాటగానే సూర్యాస్తమయం అవుతుంది. ఉదయం 6 గంటలకు బయలుదేరిన పడవ మధ్యాహ్నం 2 లోపు చేరుతుంది. తీరిగ్గా 10 గంటలకు బయలుదేరినది చీకట్లో పగడపు దిబ్బల మధ్యకు వెళ్తుంది.

దిబ్బల దగ్గర ఎండే దారి చూపిస్తుంది. సూర్యుడు పైన ఉన్నప్పుడు లోతైన నీరు ముదురు నీలంగా, ఇసుక ఉన్నచోటు లేత ఆకుపచ్చగా, పగడాలు ఉన్నచోటు గోధుమరంగు మచ్చల్లా కనిపిస్తాయి. పొద్దు వాలితే ఆ తేడాలు చెదిరిపోతాయి.

లంగరు ఎక్కడ వేయాలి?

ఇక్కడ సముద్రం రోజుకు రెండుసార్లు పోటెత్తుతుంది, రెండుసార్లు తీస్తుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల ప్రాంతంలో ఈ తేడా రెండు మీటర్ల దాకా ఉంటుంది. పాటు సమయంలో 5 మీటర్ల లోతున్న చోటు పోటు వచ్చేసరికి 7 మీటర్లవుతుంది. లంగరు నిలవాలంటే గొలుసు కనీసం లోతుకు ఐదు రెట్లు వదలాలి, అంటే 35 మీటర్లు. గాలి, ప్రవాహం దిశ మారినప్పుడల్లా ఆ గొలుసు సముద్రం అడుగును ఊడుస్తూ తిరుగుతుంది.

అడుగున ఇసుక ఉంటే ఇబ్బంది లేదు. పగడాలుంటే నష్టం పెద్దది. బండల్లా పెరిగే పగడాలు చాలావరకు ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరే పెరుగుతాయి. మీటరు ఎత్తు దిబ్బను ఒక్క రాత్రిలో గొలుసు విరగ్గొడితే, తిరిగి ఆ ఎత్తుకు రావడానికి దాదాపు వందేళ్లు పడుతుంది. పగడాలకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. సముద్ర జాతీయ పార్కుల్లోకి వెళ్లాలంటే అనుమతి తప్పనిసరి. నార్త్ సెంటినల్ దీవికి 5 నాటికల్ మైళ్ల లోపలికి వెళ్లడం నిషిద్ధం.

వారం ఎలా పంచుకోవాలి?

తాగడానికి, వంటకు మనిషికి రోజుకు 4 లీటర్ల నీరు అనుకుంటే ఆరుగురికి ఏడు రోజులకు 168 లీటర్లు కావాలి. ఆలస్యమైతే అక్కరకొచ్చేలా మరో రెండు రోజులకు కలిపి 216 లీటర్లు నింపుకోవడం మంచిది.

మొదటి రోజు సామాను, అనుమతులు, వాతావరణ సూచన చూసుకోవడానికి సరిపోతుంది. అలసట లేని రెండో రోజు ఎదురుగాలి ప్రయాణం పెట్టుకోవాలి. మూడో రోజు స్వరాజ్ ద్వీప్‌లో గడపవచ్చు. నాలుగో రోజు దక్షిణంగా సుమారు 24 కిలోమీటర్ల దూరంలోని షహీద్ ద్వీప్‌కు వెళ్తే, ఐదో రోజు అక్కడే విశ్రాంతి. ఆరో రోజు తిరుగు ప్రయాణం సుమారు 37 కిలోమీటర్లు. అప్పుడు గాలి వెనుక నుంచి తోడవుతుంది.

దేశంలోని ఏకైక క్రియాశీల అగ్నిపర్వతం బారెన్ దీవిని కూడా చూడాలని చాలామందికి ఉంటుంది. అది శ్రీ విజయపురానికి సుమారు 138 కిలోమీటర్ల దూరంలో, అదీ ఈశాన్యంలోనే ఉంది. ఎదురుగాలిలో వెళ్తే రాత్రంతా సముద్రం మీదే గడపాలి. వారం రోజుల ప్రయాణంలో దాన్ని వదులుకోవడమే తెలివైన పని.

ఏడో రోజు ఖాళీగా ఉండాలి. హైదరాబాద్‌లోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం, ఇన్‌కాయిస్, అలల ఎత్తు, గాలి, ప్రవాహాలపై ముందస్తు సూచనలు ఇస్తుంది. తుపాను హెచ్చరికలు భారత వాతావరణ విభాగం నుంచి వస్తాయి. వీటిని రోజూ ఉదయం చూసి, అలలు పెరుగుతాయని ఉంటే కదలకుండా ఆగాలి. అలా ఆగడానికి చేతిలో ఒక రోజు ఉండాలి. విమానం టికెట్ ఆరో రోజు సాయంత్రానికే కొనేస్తే, ఆగాల్సిన రోజున కూడా బయలుదేరాలనే తొందర పుడుతుంది. ఆపద వస్తే తీర రక్షక దళం నంబరు 1554 ఉంది. ఆ నంబరుతో పని పడకుండా చూసేది మాత్రం ఆ ఖాళీ రోజే.