సకినాల వరుసలో కవల సంఖ్యలు



ఈ రోజు లెక్కల గురించి నాలుగు మాటలు చెబుతాను. అయ్యో, లెక్కలా అని లేచి వెళ్ళిపోకండి! సకినాలు చుట్టడం వచ్చిన వాళ్ళందరికీ ఈ లెక్క అర్థమవుతుంది.

మన వరంగల్లు వాళ్ళకి సంక్రాంతి అంటే సకినాలే కదా. కిందటి పండక్కి బట్ట పరిచి చుడుతుంటే, పదో తరగతి చదివే మా అమ్మాయి వచ్చి "అమ్మా, పన్నెండు సకినాలు సమానమైన వరుసల్లో పెట్టు" అంది. వరుసకి నాలుగు చొప్పున మూడు వరుసలు పెట్టాను. "ఇంకొకటి చేర్చి పదమూడు పెట్టు చూద్దాం" అంది. రెండు వరుసలు చేశాను, ఒకటి మిగిలింది. మూడు చేసినా, నాలుగు చేసినా ఒకటి మిగిలింది. చివరికి ఒకే బారుగా పెట్టక తప్పలేదు.

ఇలా ఒకే బారులో తప్ప ఒదగని వాటినే ప్రధాన సంఖ్యలు అంటారు. 2, 3, 5, 7, 11, 13... వందలోపు ఇవి 25 ఉన్నాయి. వీటికి అంతం లేదని సుమారు 2,300 ఏళ్ళ కిందటే గ్రీకు పండితుడు యూక్లిడ్ నిరూపించాడు.

వీటిలో కొన్ని జంటగా ఉంటాయి. 11, 13 చూడండి. 17, 19 చూడండి. మధ్యలో ఒక్క సంఖ్యే అడ్డం. వీటిని కవల ప్రధాన సంఖ్యలంటారు. వందలోపు ఇలాంటి జంటలు ఎనిమిది. ఒక చిత్రమేమంటే, మొదటి జంట 3, 5ని వదిలేస్తే, ప్రతి జంట మధ్యా ఉండేది ఆరో ఎక్కంలోని సంఖ్యే! 11, 13 మధ్య 12. 29, 31 మధ్య 30. ఎందుకని? జంటలో రెండూ బేసి, కనుక మధ్యది సరి సంఖ్య. వరసగా ఉన్న ఏ మూడు సంఖ్యల్లోనైనా ఒకటి మూడో ఎక్కంలోది అయి తీరాలి. జంటలోవి కావు కనుక ఆ వంతు మధ్యదానికే వస్తుంది.

మరి ఈ కవలలు కూడా ఎప్పటికీ పుడుతూనే ఉంటాయా? ఈ ప్రశ్నకి ఇంతవరకూ ఎవరూ జవాబు తేల్చలేదు. 2013లో, దాదాపు అరవై ఏళ్ళ వయసులో, ఈతాంగ్ ఝాంగ్ అనే ఆయన 7 కోట్లకన్నా తక్కువ ఎడం ఉన్న జంటలకి అంతు లేదని నిరూపించాడు. ఈయన ఒకప్పుడు అమెరికాలో తినుబండారాల దుకాణంలో పద్దులు రాసిన మనిషి. మరుసటి ఏటికి ఇతరులు ఆ ఎడాన్ని 246కి దించారు. రెండుకి మాత్రం ఇంకా రాలేదు.

ఇంకో రకం జంట ఉంది. సంఖ్యని రెట్టింపు చేసి, చదివింపుల్లో పైన రూపాయి కలిపినట్టు, ఒకటి కలపండి. 2 నుంచి 5, దాని నుంచి 11, ఆపైన 23, 47. అన్నీ ప్రధాన సంఖ్యలే! తరువాతి 95తో గొలుసు తెగుతుంది. ఇలాంటి జంటకి దారితీసే సంఖ్యలకి ఒక స్త్రీ పేరు పెట్టారు.

ఆమె సోఫీ జెర్మేన్. 1776లో పారిస్‌లో పుట్టింది. పదమూడో ఏట లెక్కల మీద మనసు పడితే, ఆడపిల్లకి ఇదేం చదువని తల్లిదండ్రులు రాత్రిళ్ళు గదిలో దీపం, నిప్పు లేకుండా చేశారట. దాచుకున్న కొవ్వొత్తి వెలుగులో దుప్పట్లు చుట్టుకుని చదివిందట. కాలేజీలోకి ఆడవాళ్ళని రానివ్వకపోతే, లెబ్లాన్ అనే మగపేరుతో పాఠాల మీద రాసి పంపింది. ఆ పేరుతోనే 1804లో జర్మనీలోని మహా గణితవేత్త గౌస్‌కి ఉత్తరం రాసింది. అసలు సంగతి తెలిశాక ఆయన 1807లో ఆమె ధైర్యాన్నీ ప్రతిభనీ మెచ్చుకుంటూ జవాబిచ్చాడు. ఫెర్మా అనే ఆయన వదిలి వెళ్ళిన గొప్ప చిక్కుప్రశ్నని విప్పే ప్రయత్నంలో ఆమె ఈ జంటలనే వాడింది.

మా అమ్మాయి ఇంటర్‌లో లెక్కలు తీసుకుంటానంటోంది. ఆడపిల్లకి అంత కష్టమెందుకని ఇంట్లో పెద్దవాళ్ళు అన్నారు. ఒకప్పుడు నాకూ అదే మాట చెప్పారు. తల వంచుకుని ఊరుకున్నాను. నా చదువు పదో తరగతితో ఆగింది. ఈసారి మాత్రం ఊరుకోలేదు. "దాని ఇష్టమే కానివ్వండి" అన్నాను.

మీరూ ఈ రాత్రి గుప్పెడు చింతగింజలు తీసుకుని పిల్లల పక్కన కూర్చోండి. వంద దాటిన పది సంఖ్యల్లోనే రెండు కవల జంటలున్నాయి. ఎవరు ముందు పట్టుకుంటారో చూడండి. మీ అమ్మాయే పట్టుకుంటే, ఆ మాట నలుగురిలో చెప్పండి.

సెలవు.