పడవ మెట్లు దిగేదెలాగంటే

ఒరేయ్ బుజ్జీ, మన భిలాయి సెక్టర్ 7 కొళాయిల్లోకి వచ్చే నీళ్లు మరోడా చెరువువి. ఆ చెరువుకి బాలోద్ దగ్గరున్న తాందులా జలాశయం నుంచి కాలువ వస్తుంది. ఇంగ్లండు కాలువల్లో జనం కాపురాలుంటున్న సన్నటి పడవల్ని ఫోన్లో చూసి, "మన కాలువలో పడవలెందుకు లేవు తాతయ్యా?" అని అడిగావు కదా. అది తెలియాలంటే మన గోదావరి జిల్లాల దాకా వెళ్లాలి.

పొలాలకి నీరిచ్చే కాలువకి వాలుండాలి, లేకపోతే నీరు కదలదు. పడవకేమో వాలు ఎంత తక్కువుంటే అంత సుఖం, ఎదురు పారే నీటిలో లాగేది మనుషులు కాబట్టి. తాందులా కాలువని పొలాల కోసం తవ్వారు, తర్వాత మన స్టీల్ ప్లాంటుకీ దాని నీళ్లే ఆధారమయ్యాయి. పడవల మాట అందులో ఎవరూ తలపెట్టలేదు. ధవళేశ్వరంలో 1847లో ఆనకట్ట మొదలుపెట్టి 1852కి పూర్తి చేసిన కాటన్ దొరగారు మాత్రం పొలం పనీ, పడవ పనీ ఒకే కాలువతో చేయించారు. ధాన్యం, ఉప్పు, కొబ్బరికాయలు, మనుషులు అన్నీ ఆ నీటి మీదే వెళ్లేవి. పడవ మీదే వంట, గూడు కిందే నిద్ర.

గాలి ఉంటే తెరచాప ఎత్తేవారు. లేకపోతే తాడే గతి. ఒకరిద్దరు గట్టు మీద నడుస్తూ, బస్తాలతో నిండిన పడవని లాక్కెళ్లేవారు. ఆ బరువుని బండికెత్తితే ఎన్ని జతల ఎద్దులు కావాలో! కిటుకేమిటంటే, ఆగి ఉన్న బండి చక్రాన్ని నేల పట్టి ఉంచుతుంది, నీటికి ఆ పట్టు లేదు. నిలిచిన నీటిలో ఉన్న పడవని నువ్వు ఒక్క చేత్తో నెట్టినా కదులుతుంది, కాకపోతే చాలా మెల్లగా. తొందరపడితేనే నీరు ఎదురు తిరుగుతుంది. వేగం రెట్టింపైతే అడ్డు సుమారు నాలుగు రెట్లవుతుంది. అందుకే పడవ మనిషి నడకతోనే నడిచేది.

మరి గట్టు మీంచి లాగితే పడవ గట్టుకొచ్చి గుద్దుకోదా? ఇక్కడ లెక్క చూడు. తాడు 30 మీటర్లు, పడవకీ గట్టుకీ ఎడం 6 మీటర్లు అనుకో. లాగిన బలంలో ఐదో వంతు పక్కకి పోతుంది. ముందుకేమో నూటికి 98 పాళ్లు పనిచేస్తుంది. ఇదేమిటి, రెండూ కలిపితే నూరు దాటిపోయిందే అంటావేమో. బలాలని అలా కూడకూడదు, వాటి వర్గాలని కూడాలి. అది నీ పదో క్లాసు పైథాగరస్సే. పక్కకి పోయే ఆ ఐదో వంతుని చుక్కాని పట్టుకున్నవాడు సరిచేస్తాడు. తాడు పొడుగైన కొద్దీ వాడి పని తేలిక. తాడుని ముక్కుకి కట్టకుండా తెరచాప కొయ్యకి కట్టడమూ అందుకే. ముక్కుకి కడితే పడవ తిన్నగా గట్టుకేసి తిరుగుతుంది.

వాలు దగ్గర ఏం చేశారో అదీ అసలు తెలివి. కాలువని ఎక్కువ వాలు లేకుండా నడిపి, మిగిలిన దిగుడుని ఒక్కచోటికి చేర్చి అక్కడ లాకు కట్టారు. లాకంటే నీటికి మెట్టన్నమాట. రెండు వైపులా తలుపులున్న రాతి గది. పడవ లోపలికొచ్చాక పై తలుపులు మూసి, కింది తూములు తెరుస్తారు. గదిలో నీటితో పాటు పడవా దిగుతుంది. ఎక్కాలంటే దీనికి తిరగేసి చేస్తారు.

ఆ తలుపులు మూసినప్పుడు తిన్నగా నిలబడవు, కొస ఎగువకి పెట్టి ఒకదానికొకటి ఆనుకుంటాయి. ఎగువ నీరు ఎంత గట్టిగా తోస్తే అవి అంత గట్టిగా బిగుసుకుంటాయి. మూడు మీటర్ల వెడల్పు తలుపు రెక్కకి ఒక పక్క నీరు రెండు మీటర్లు ఎక్కువుంటే, దాని మీద పడే తోపు ఆరు టన్నుల బరువుకి తగ్గదు. ఆ తలుపుని మనుషులు తెరవలేరు. నీరు రెండు వైపులా సమమయ్యాక అదే తలుపుని నలుగురు తోస్తే చాలు.

45 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పున్న గదిలో రెండు మీటర్ల నీరు దించితే 5,40,000 లీటర్లు కిందికి పోతాయి. ఇంగ్లండులో కాలువలు కొండలెక్కి దిగుతాయి కాబట్టి, ఈ ఖర్చుకి నీరు చాలక శిఖరం దగ్గర చెరువులు కట్టుకున్నారు. ఏడడుగుల వెడల్పు లాకులూ, వాటిలో పట్టే సన్నటి పడవలూ ఆ నీటిని కూడా పొదుపు చేశాయి. మన డెల్టాలో ఆ నీరు కిందున్న పొలాలకే కదా పోయేది! వృథా అయ్యేది తక్కువే. నాకు కాటన్ గారి మీదున్న గౌరవంలో సగం దీనికే.

మరి అంత చౌక ప్రయాణం ఎందుకు పోయింది? రైలు వచ్చింది కాబట్టి. ఉక్కు పట్టా మీద ఉక్కు చక్రానికి పట్టు చాలా తక్కువ, వేగం పెరిగినా అది నీటిలా ఎదురు తిరగదు. అటువంటి పట్టాలే మన భిలాయిలో 260 మీటర్ల పొడవున తయారవుతున్నాయి. పైగా ఏటా వేసవిలో మరమ్మతులకి కాలువలు కట్టేస్తారు, అన్నాళ్లూ పడవ ఒడ్డునే. 2008లో కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా ఈ కాలువల్ని జాతీయ జలమార్గం 4లో చేర్చారు. పడవలు మళ్లీ నడవాలంటే పూడిక తియ్యాలి, లాకులు బాగుచెయ్యాలి, కిందికి కట్టిన వంతెనల్ని పైకెత్తాలి. అవన్నీ చెయ్యాలనే నా కోరిక.

ఈసారి సెలవులకి రాజమండ్రి వెళ్లినప్పుడు ధవళేశ్వరం లాకుల దగ్గర ఆగి, మూసిన తలుపుల కొస ఎటు తిరిగి ఉందో చూడు. ఎవర్నీ అడక్కుండానే ఎగువ ఎటో చెప్పేయగలవు.