మనది ఏ తరగతి?

రెండేళ్ల క్రితం బొగ్గు గనుల ప్రాంతంలో ఒక పెండ్లి సంబంధం మాట్లాడటానికి నన్ను పిలిచారు. అమ్మాయి తండ్రి ప్రైవేటు పాఠశాలలో లెక్కల మాస్టారు. అబ్బాయి సింగరేణిలో పర్మినెంటు కార్మికుడు; అతని తండ్రి కూడా గనిలోనే పనిచేసి రిటైరయ్యాడు. అమ్మాయికీ అబ్బాయికీ ఇష్టమే. కానీ అమ్మాయి తల్లి మాత్రం, “బాయి పనోళ్ల ఇంటికి పిల్లనెట్ల ఇస్తమయ్యగారూ? మాది సార్ల కుటుంబం” అన్నది.

అప్పుడు నేను బదులు చెప్పలేదు. ఇంటికి వస్తూ లెక్క వేసుకున్నాను. మాస్టారి జీతం నెలకు 12 వేలు. వేసవి సెలవుల్లో అదీ రాదు. అబ్బాయి జీతం దానికి ఐదు రెట్లకు పైనే. అయినా ఆ తల్లి దృష్టిలో మాస్టారిది మధ్యతరగతి, అబ్బాయిది కూలి తరగతి. ఇంతకూ ఒక కుటుంబము ఏ తరగతికి చెందినదో నిర్ణయించేది ఏమిటి?

జీతమును బట్టియా?

మొదట మనకు తోచేది ఆదాయమే. ప్రైస్ అనే పరిశోధన సంస్థ 2020-21 ధరల ప్రకారం, ఏడాదికి 5 లక్షల నుండి 30 లక్షల రూపాయల ఆదాయం గల కుటుంబములను మధ్యతరగతిగా లెక్కించింది. ఈ కొలతతో చూస్తే గని కార్మికుడు మధ్యతరగతివాడు. ఏడాదికి లక్షా 44 వేలు కూడా పూర్తిగా అందని మాస్టారు ఆ గీతకు ఎంతో కిందనే ఉన్నాడు.

పనిని బట్టియా?

అయితే ఆ తల్లి చెప్పినది పూర్తిగా అబద్ధమా? కాదు. చదువు, మాట తీరు, ఇస్త్రీ చొక్కా, “సార్” అనే పిలుపు – వీటికి లోకంలో విలువ ఉన్నది. చేతికి మసి అంటే పని చిన్నదనీ, కలం పట్టే పని పెద్దదనీ మన సమాజము తరతరాలుగా నేర్పింది. ఇందులో కులము పాలు ఎంత ఉన్నదో మనలో చాలామందికి అనుభవమే. గనుక మన దేశంలో చిన్న జీతగాడు కూడా “మాది మధ్యతరగతి” అని చెప్పుకోవడానికే ఇష్టపడతాడు.

బ్రిటన్‌లో ఇది తారుమారు. అక్కడ 2016లో వెలువడిన ఒక సర్వేలో 60 శాతం మంది తమది శ్రామిక వర్గమని చెప్పుకొన్నారు. మేనేజర్లు, వృత్తి నిపుణులలో కూడా దాదాపు సగం మంది అదే మాట అన్నారు. మనిషి తనకు తాను పెట్టుకునే పేరు ఒకటి, అతని స్థితి మరొకటి అని దీనివలన తెలుస్తున్నది. అందుకే ఆ దేశపు ప్రభుత్వము 2001 నుండి తరగతులను లెక్కించేటప్పుడు జీతపు అంకెను చూడదు. ఉద్యోగపు షరతులను చూస్తుంది. భద్రత ఉన్నదా? ముందుకు వెళ్లే దారి ఉన్నదా? పని మీద తన మాట ఎంతవరకు చెల్లుతుంది? ఇవీ ఆ ప్రశ్నలు.

జీతం ఆగిన నెలలో

ఈ మాట మనకు 2020లో అర్థమైంది. ఆ మార్చిలో లాక్‌డౌన్ వచ్చి బడులు మూతపడ్డాయి. మన మాస్టారికి జీతం ఆగిపోయింది. మొదటి నెల చేబదులు, రెండవ నెల భార్య గాజులు, మూడవ నెల మిర్చి కల్లంలో కూలి. 2021 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వము ప్రైవేటు పాఠశాలల ఉపాధ్యాయులకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ప్రకటించింది. ఆ బియ్యం తెచ్చుకోవడానికి మాస్టారు చీకటి పడే వరకు ఆగి వెళ్లేవాడట. బియ్యం అవసరమే, కానీ పిల్లలు చూస్తారేమోనన్న భయం.

గని కార్మికునికి అటువంటి నెల వస్తే? జీతంతో కూడిన సెలవు ఉన్నది, కంపెనీ ఆస్పత్రి ఉన్నది, పి.ఎఫ్. ఉన్నది, 1998 నాటి బొగ్గు గనుల పింఛను పథకం ఉన్నది. ఇవన్నీ ఊరికే రాలేదు. సంఘాలుగా కూడి అడిగినందున వచ్చాయి. బొగ్గు కార్మికుల పదకొండవ వేతన ఒప్పందం 2023 మే నెలలో అలాగే కుదిరింది. మాస్టారు మాత్రం ఏటా జూన్‌లో యాజమాన్యం ముందు ఒంటరిగా నిలబడతాడు.

ఒకే గని, రెండు తరగతులు

కానీ గనిలో అందరూ ఒకటి కాదు. అదే దుమ్ములో, అదే ఎండలో వేలమంది కాంట్రాక్టు కార్మికులు కూడా పనిచేస్తున్నారు. 2024 సెప్టెంబరులో సింగరేణి లాభాలలో వాటా ప్రకటించినప్పుడు పర్మినెంటు కార్మికునికి సగటున లక్షా 90 వేల రూపాయలు వచ్చింది. కాంట్రాక్టు కార్మికునికి 5 వేలు వచ్చింది. వారికి వాటా దక్కడం అదే మొదటిసారి. చెమట ఒకటే అయినా, వారిని వేరు చేసినది నియామక పత్రము.

ఇంట్లో అడుగవలసిన ప్రశ్నలు

కాబట్టి ప్రియ పాఠకులారా, మన ఇంటి స్థితి తెలుసుకోవాలంటే ఈ ప్రశ్నలు వేసుకుందాం. సంపాదించే మనిషి మంచాన పడితే ఎన్ని నెలలు గడుస్తుంది? నియామక పత్రము, పి.ఎఫ్. నంబరు చేతిలో ఉన్నాయా? ముసలితనంలో పింఛను ఉన్నదా? పిల్లల చదువు అప్పు లేకుండా సాగుతుందా? ప్రైవేటు ఉపాధ్యాయులారా, మీకు ఇంకొక మాట. మీకూ గ్రాట్యుటీ హక్కు ఉన్నదని 2022 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. అడగడానికి సిగ్గుపడకండి. సార్ అనే గౌరవం నిలుపుకోవాలని హక్కును వదులుకుంటే చివరకు రెండూ దక్కవు.

ఆ సంబంధం ఏమైందంటారా? మరుసటి వారం రెండు కుటుంబాలనూ కూర్చోబెట్టి ఈ లెక్కే చెప్పాను. తల్లి చాలాసేపు మాట్లాడలేదు. అప్పుడు అబ్బాయి తండ్రి తల దించుకొని, “అయ్యగారూ, తప్పు ఆమెది ఒక్కదానిదే కాదు. పోయినేడు నా బిడ్డ కోసం ఒక కాంట్రాక్టు పిల్లగాని సంబంధం వస్తే, వాడు మనోడు కాదని నేనే తిప్పి పంపిన” అన్నాడు.

ఆ పెండ్లి జరిగింది. కానీ ఆయన మాట నన్ను ఇంకా వదలలేదు. మనలో ప్రతివాడు తనకంటే ఒక మెట్టు కింద ఉన్నవానిని చూసి తన తరగతిని కొలుచుకుంటున్నాడు. వడ్రంగి ఇంట పెరిగిన ప్రభువును ఆరాధించే మనము ఆ కొలబద్దను పక్కన పెట్టలేమా? ఈ నెలలో జీతం ఆగిన ఇల్లు మీ వీధిలో ఏదో, చీకటి పడే వరకు ఆగకుండా పగలే వెళ్లి కనుక్కోండి.