మందునకు లొంగని క్రిములు

తొలకరి జల్లులు పడగానే రైతు నాగలి సరిచేసికొనును. సరిగా ఆ దినములలోనే అతని పశువుల కొట్టములో ఒక మహావ్యాధి తల యెత్తును. నిన్నటివరకు చెంబులకొలది పాలిచ్చిన బర్రె నేడు మేత ముట్టదు. దాని యొడలు జ్వరముతో కాలిపోవుచుండును. నోటినుండి చొంగ కారును. గొంతు వాచును. ఊపిరి తీయునపుడెల్ల గురగురమను శబ్దము వినవచ్చును. వెంటనే చికిత్స జరుగనిచో ఒకటి రెండు దినములలో, ఒక్కొక్కప్పుడు కొన్ని గంటలలోనే, ఆ పశువు ప్రాణము విడుచును. దీనినే మనవారు గొంతువాపు వ్యాధి యనియు, గురకవ్యాధి యనియు పిలుతురు.

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి పట్టణములు పూర్వము వరంగల్లు జిల్లాలోనివి. 2016వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన ఇవి వేరువేరు జిల్లాలకు కేంద్రములైనవి. జనగామ మెట్టభూములలో వానలు తప్పి పైరు ఎండిన యేడు పాలమ్మగా వచ్చిన సొమ్మే అనేక కుటుంబములను నిలుపును. మహబూబాబాదు తండాలలోను, భూపాలపల్లి అడవిపల్లెలలోను ఆవు, ఎద్దు, బర్రె ఇంటివారితో సమానములు. అట్టి యింట ఒక పశువు చనిపోయిన, పిల్లల చదువునకు దాచిన ధనము కూడ దానితో పోవును.

ఈ వ్యాధిని కలిగించు బాక్టీరియా పేరు పాశ్చురెల్లా మల్టోసిడా. కోళ్లకు వచ్చు కలరాను పరిశోధించిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లూయీ పాశ్చరు గౌరవార్థము మొదటి మాట ఏర్పడినది. రెండవ మాటకు 'అనేకులను చంపునది' యని యర్థము. ఈ క్రిమి కొన్ని ఆరోగ్యవంతములైన పశువుల గొంతులో కూడ నక్కియుండును. వానలో తడిసి, మేత చాలక, అధికశ్రమచే అలసి పశువు బలహీనపడినపుడు అది విజృంభించును. దీనికి దగ్గరి బంధువైన మన్‌హైమియా యను మరియొక క్రిమి, బండ్లలో కిక్కిరిసి దూరప్రయాణము చేసిన పశువుల ఊపిరితిత్తులలో చేరి వాపు కలిగించును.

ఇట్టి క్రిములను జయించుటకు మానవునకు లభించిన ఆయుధములే యాంటీబయాటిక్ మందులు. 1928వ సంవత్సరమున అలెగ్జాండరు ఫ్లెమింగు బూజునుండి వెలువడు పెన్సిలిన్ అను పదార్థమునకు క్రిములను చంపు శక్తి కలదని కనుగొనెను. ఈ చరిత్రలో మన తెలుగువానికిని గొప్ప స్థానము కలదు. భీమవరమున జన్మించిన డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ పరిశోధనశాలకు నాయకత్వము వహించుచుండగా, అచ్చట బెంజమిన్ డగ్గరు మట్టిలోని సూక్ష్మజీవినుండి ఆరియోమైసిన్ అను మందును సాధించెను. అది 1948లో లోకమునకు వెల్లడియైనది. టెట్రాసైక్లిన్ అను మందుల కుటుంబమునకు అదియే పెద్దది. ఆ కుటుంబములోని మందులు నేటికిని పశువుల శ్వాసవ్యాధులకు వాడబడుచున్నవి.

కాని ఈ ఆయుధములు మొక్కవోవుచున్నవి. మన దేశమునందును, విదేశములందును పశువులనుండి తీసిన ఈ క్రిములను పరీక్షింపగా, పాతమందులకు లొంగనివి కొన్ని కానవచ్చినవి. ఇట్లు జరుగునని ఫ్లెమింగు ముందే యెరుగును. 1945లో నోబెలు బహుమతి నందుకొన్నపుడు చేసిన ఉపన్యాసములో, చాలీచాలని మోతాదులో మందు వాడినచో క్రిములు దానికి అలవాటుపడి చావకుండునని అతడు లోకమును హెచ్చరించెను.

ఇది యెట్లు సంభవించును? ఒక ఉదాహరణము చూడుడు. ఒక రైతు బర్రెకు జబ్బు చేసినది. వైద్యుడు ఐదు దినములు సూది వేయవలెనని చెప్పెను. రెండు దినములకే ఊపిరి తేలికపడినది. ఖర్చు తగ్గునని రైతు మందు మాన్పించెను. మిగిలిన మందును పొరుగువాని దూడకు కొలత తెలియకయే ఇచ్చెను. అతడు చెడ్డవాడు కాడు, పొదుపరి, పరోపకారి. అయినను అపకారమే జరిగినది.

పశువు దేహములో కోట్లకొలది క్రిములుండును. అవి యెడతెగక ఒకటి రెండుగా చీలుచు పెరుగుచుండును. ఆ పెరుగుటలో ఏ కొన్నిటియందో యాదృచ్ఛికముగ మార్పు కలిగి, మందును తట్టుకొను శక్తి వచ్చును. కొన్ని మందును విరుగగొట్టు పదార్థమును తయారుచేయును. కొన్ని లోనికి వచ్చిన మందును బయటికి నెట్టివేయును. మరికొన్ని మందు తాకవలసిన భాగమునే మార్చుకొనును. మందు వాడినపుడు బలహీనమైన క్రిములు ముందు చచ్చును. సగములో మాన్పినచో గట్టివి మిగిలి, ఖాళీయైన చోటంతయు తామే ఆక్రమించును. అంతేకాదు, ఒక క్రిమి తన శక్తిని ప్రక్క క్రిమికి కూడ అందీయగలదు. ఈ వింతను 1959లో జపాను శాస్త్రజ్ఞులు గుర్తించిరి. కావున ఒక కొట్టములో పుట్టిన శక్తి ఊరంతయు వ్యాపింపవచ్చును. మరుసటి యేడు అదే మందు ఏ పశువును కాపాడలేకపోవచ్చును.

ఈ చేటు పశువులతో ఆగదు. మనుష్యులకు వాడు మందులును అనేకము ఈ జాతులవే. అందుచేతనే మనుష్యులకు ప్రాణాపాయమున కడపటి దిక్కైన కొలిస్టిన్ అను మందును పాడిపశువులకును, కోళ్లకును, చేపలకును వాడరాదని భారతప్రభుత్వము 2019లో నిషేధించినది. మందు వాడిన పశువు పాలలో కొన్ని దినములు ఆ మందు నిలిచియుండును. అట్టి పాలు ఒక్కొక్కప్పుడు సరిగా తోడుకొనకపోవుటకు కారణమిదియే. పాలను పెరుగుగా మార్చు మేలుచేయు క్రిములను కూడ ఆ మందు చంపును. వైద్యుడు చెప్పిన గడువు తీరువరకు ఆ పాలు ఎవరికిని పోయరాదు.

మరి మనమేమి చేయవలెను? అన్నిటికంటె మేలైనది టీకా. వానలకు ముందే ఏటేట గొంతువాపు టీకా వేయించిన పశువునకు మందు అవసరమే అరుదగును. అంగడిలో కొన్న క్రొత్తపశువును మూడు వారములు మందకు దూరముగ కట్టవలెను. కొట్టమును పొడిగా, గాలి వచ్చునట్లుగా ఉంచవలెను. జబ్బు కనబడినచో దుకాణమున మందడుగక, పశువైద్యశాలకు వెళ్లవలెను, లేదా 1962 అను సంఖ్యకు టెలిఫోను చేయవలెను. వైద్యుడు మొదటి చికిత్స చేయుచు, అవసరమైనచో పశువు ముక్కునుండి స్రావమును పరీక్షకు పంపును. పరీక్షాలయమున అందలి క్రిములను పళ్లెములో పెంచి, వేరువేరు మందులద్దిన కాగితపు బిళ్లలను పైన ఉంచుదురు. ఏ బిళ్ల చుట్టు క్రిములు పెరుగక తేటయైన వలయమేర్పడునో, ఆ మందు ఆ క్రిమిపై పనిచేయునని తెలియును. గాలికుంటు వంటి వైరస్ వ్యాధులకు కారణమైన వైరస్‌ను యాంటీబయాటిక్ చంపజాలదను సంగతియు మరువరాదు. అన్నిటికంటె ముఖ్యము: మొదలుపెట్టిన మందును వైద్యుడు చెప్పినన్ని దినములు పూర్తిగా వాడవలెను.

బాలబాలికలారా! భూపాలపల్లి జిల్లాలోని ఘనపురము చెరువును, మహబూబాబాదు జిల్లాలోని బయ్యారము చెరువును కాకతీయుల కాలమున త్రవ్వించిరి. నేటికిని వాటి నీరు పొలములకు పారుచున్నది. ఎవడో ఒకడు తన మడికొరకు కట్టకు గండి కొట్టినచో, నష్టము అతనితో పోదు, ఆయకట్టంతయు ఎండును. మందు కూడ అట్టి ఉమ్మడిసొత్తే. నేడు మీ యింటి కొట్టములో సగము మిగిలిన మందుసీసా కనబడినచో, అది యెందుకు మిగిలినదని పెద్దలను వినయముగ అడుగుడు. ఆ ప్రశ్నయే ఒక పశువును, ఒక కుటుంబమును కాపాడవచ్చును.